బెల్లమీయా, క్లియరీయా? రగ్బీ లీగ్ కోచ్‌ల బలాలు, లోపాలు

డమ్మీహాఫ్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఎన్‌ఆర్‌ఎల్‌లో (ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ) ఏ కోచ్ గొప్ప అన్న మాట రాగానే అందరూ కప్పులు లెక్కబెట్టేస్తారు. వేన్ బెన్నెట్‌కి 7, ఐవన్ క్లియరీకి 4, క్రెయిగ్ బెల్లమీకి 3 (జీతాల పరిమితి దాటినందుకు రద్దయిన 2007, 2009 కూడా వేస్తే 5), ట్రెంట్ రాబిన్సన్‌కి 3, మైకేల్ మాగ్వైర్‌కి 2. ఈ లెక్కతో తేలేది ఏమీ లేదు. ఒకాయన 1992లో గెలిచాడు, ఇంకొకాయన 2024లో గెలిచాడు. రూల్స్ వేరు, ఇంటర్‌చేంజ్‌ల (ఆట మధ్యలో ఆటగాళ్ళ మార్పుల) సంఖ్య వేరు, రెఫరీలు వేరు.

అందుకని ఇక్కడ కప్పులు పక్కన పెడదాం. మైదానంలో ఆ జట్టు ఏం చేస్తుంది, ఎందుకు చేస్తుంది, ఎక్కడ విరిగిపోతుంది, ఈ మూడింటికే పరిమితమవుదాం. ముఖ్యంగా బెల్లమీ (మెల్బోర్న్ స్టార్మ్), క్లియరీ (పెన్‌రిత్ పాంథర్స్). మిగతావాళ్ళు మాటల్లో వస్తే రానివ్వండి.

ఊదారంగు_జెర్సీ

బెల్లమీ గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది "కుస్తీ పట్టిస్తాడు" అని ఒక్క ముక్కలో తీసిపారేస్తారు. ఆ కుస్తీ ఏంటో విడదీసి చూడండి.

మొదటి ఇద్దరు డిఫెండర్లు ఛాతీ ఎత్తులో తగులుతారు. ఒకడు బంతి ఉన్న చేతిని బిగించేస్తాడు, ఆఫ్‌లోడ్ (పట్టుబడుతూనే ఇచ్చే పాస్) రాకుండా. రెండోవాడు ఎదురు భుజం పట్టుకుని వాడి నడక ఆపుతాడు. వాడు నిలబడిపోయాక మూడోవాడు కాళ్ళ దగ్గరికి వస్తాడు. పడేటప్పుడు వాడిని వెల్లకిలా తిప్పుతారు. అసలు కిటుకంతా ఈ తిప్పడంలోనే ఉంది. బోర్లా పడ్డవాడు మోచేతులు ఆనించి వెంటనే లేస్తాడు. వెల్లకిలా పడ్డవాడు ముందు పక్కకి తిరగాలి, తర్వాత మోకాలు మీదికి రావాలి, ఆ తర్వాతే బంతిని పాదంతో వెనక్కి తొయ్యాలి. పైనున్న ముగ్గురూ ఒకేసారి లేవరు, ఒకరి తర్వాత ఒకరు లేస్తారు.

ఇదంతా ఒక్క సెకను కోసం. ప్లే-ద-బాల్ (ఇలా లేచి బంతిని వెనక్కి తొయ్యడం) 3 సెకన్ల లోపు అయిపోతే డిఫెన్స్ లైను 10 మీటర్లు వెనక్కి వెళ్ళి తిరిగి ముందుకు కదిలే టైము ఉండదు, మార్కర్లు (బంతికి ఎదురుగా నిలబడే ఇద్దరు డిఫెండర్లు) ఇంకా సర్దుకుంటూనే ఉంటారు, డమ్మీ హాఫ్ (తోసిన బంతిని అందుకునేవాడు) దూరిపోతాడు. అదే 4 సెకన్లకి లాగితే డిఫెండర్లంతా వరసలో నిలబడి ఎదురొస్తారు. ఆ సెకను సంపాదించడానికి స్టార్మ్ జుజిత్సు నేర్పేవాళ్ళని పెట్టుకుంది.

కొత్త_కూత

హైదరాబాద్ హీరోస్ మ్యాచ్‌లు చూశాక రగ్బీ మీద ఆసక్తి పుట్టి వచ్చాను. ఇందులో ఆరు ట్యాకిల్స్ అని ఒకటి ఉంటుందని విన్నాను, అక్కడ అలాంటిది ఏమీ చూడలేదే?

డమ్మీహాఫ్

@కొత్త_కూత అది సెవెన్స్ (ఏడుగురి రగ్బీ), రగ్బీ యూనియన్ కుటుంబం. ఇది లీగ్, వేరే ఆట. జట్టుకి 13 మంది, 80 నిమిషాలు. బంతి ఉన్న జట్టుకి ఆరు ట్యాకిల్స్ దాకా అవకాశం, దాన్ని సెట్ అంటారు. ఐదో ట్యాకిల్ అయ్యాక మామూలుగా కిక్ కొట్టేస్తారు, లేకపోతే ఆరోదానికి పట్టుబడ్డ చోటే బంతి అప్పగించాలి. ట్రైకి (బంతిని గోల్ లైను దాటించి నేలకి ఆనించడం) 4, తర్వాతి కన్వర్షన్ కిక్‌కి 2, పెనాల్టీకి 2, డ్రాప్ గోల్‌కి (ఆట నడుస్తుండగా బంతిని నేలకి తాకించి కొట్టే కిక్) 1. 40 మీటర్ల అవతలి నుంచి కొడితే డ్రాప్ గోల్‌కి 2, ఇది 2021 నుంచి.

ఊదారంగు గారు చెప్పిన ట్యాకిల్ మీకు కబడ్డీ తెలిస్తే ఇట్టే అర్థమవుతుంది. రైడర్‌ని ఒకడు పట్టుకున్నాక మిగతావాళ్ళు కమ్ముకుంటారు చూడండి, ఆ వరస లాంటిదే. కాకపోతే అక్కడ పట్టుకుంటే పని అయిపోతుంది, ఇక్కడ పట్టుకున్న తర్వాతే పని మొదలవుతుంది.

గోల్కొండ_ప్రాప్

గట్ల చెప్తే మస్తుగనే ఉంటది భయ్యా, గని ఆ కుస్తీల మెడలు పట్టుడు కూడ ఉండె కద? దాని గురించి చెప్పవ్? 2008ల స్టార్మ్ హుకర్ కామెరాన్ స్మిత్ గ్రాపుల్ ట్యాకిల్ చేసిండని సస్పెండ్ అయ్యిండు, గ్రాండ్ ఫైనల్ ఆడలే. మ్యాన్లీ 40-0తోటి తొక్కింది. గ్రాండ్ ఫైనల్ల గంత పెద్ద తేడా ఎన్నడు లేదు. బెల్లమీ సిస్టమ్ అంటరు, ఒక్క హుకర్ పోతే సిస్టమ్ ఏమాయె?

ఊదారంగు_జెర్సీ

@గోల్కొండ_ప్రాప్ అది నిజమైన లోపమే, కాదనను. బెల్లమీ జట్టు నడక అంతా స్పైన్ మీదే ఉంటుంది: ఫుల్‌బ్యాక్, ఇద్దరు హాఫ్‌లు, హుకర్ (మామూలుగా డమ్మీ హాఫ్ పని ఇతనిదే). అప్పట్లో స్లేటర్, క్రాంక్, స్మిత్. ఇప్పుడు గ్రాంట్, హ్యూస్, మన్‌స్టర్. వాళ్ళలో ఒకడు తగ్గితే దాడి తీరే మారిపోతుంది. కానీ ఆ స్పైన్‌ని మళ్ళీ మళ్ళీ తయారుచేస్తున్నది ఎవరు? 2003 నుంచి 2025 దాకా ఆయన చేతిలో స్టార్మ్ ఫైనల్స్‌కి రాని ఏడాది ఒక్కటే, 2010. అప్పుడు కూడా శిక్షగా పాయింట్లే ఇవ్వలేదు కాబట్టి రాలేదు. హ్యూస్ వేరే క్లబ్బుల్లో నిలదొక్కుకోలేక వచ్చినవాడు, 2024లో డాలీ ఎమ్ మెడల్ (ఏడాది ఉత్తమ ఆటగాడి బహుమతి) కొట్టాడు.

పెన్‌రిత్_వాసి

ఇప్పుడు క్లియరీ వైపు.

పెన్‌రిత్ ఆట చూస్తే మొదట్లో బోరు కొడుతుంది. అలా కొట్టాలి కూడా. వాళ్ళ లెక్క ఇది: మన గోల్ లైను దగ్గర బంతి అందుకున్నాం అనుకోండి. మొదటి రెండు మూడు పరుగులు ఫార్వర్డ్‌లు తీసుకోరు, వింగర్లు, సెంటర్లు, ఫుల్‌బ్యాక్ తీసుకుంటారు. బ్రయాన్ టోఓ, డిలన్ ఎడ్వర్డ్స్. వాళ్ళు పొట్టిగా, బలంగా, కాళ్ళు ఆపకుండా దూరతారు. ఆ రెండు ట్యాకిల్స్‌లో ప్రాప్‌లకి (బరువైన ఫార్వర్డ్‌లు) వెనక్కి వచ్చి ఊపిరి తీసుకునే టైము దొరుకుతుంది. మూడు, నాలుగు ట్యాకిల్స్ వాళ్ళవి. అప్పటికి సగం గీత దగ్గరికి చేరతారు. ఐదో దానికి కోచ్ కొడుకు నేథన్ క్లియరీ మూలకి పొడుగ్గా కొడతాడు. వింగర్లు వెంటబడి, పట్టుకున్నవాడిని వాడి లైనుకి 10, 15 మీటర్లలోనే కట్టేస్తారు.

ఇక వాళ్ళ సెట్ అక్కడి నుంచి. బయటికి రాలేరు. తమ 40 మీటర్ల గీత లోపలి నుంచే కిక్ కొట్టాల్సి వస్తుంది. మనకి బంతి ఇంతకు ముందుకన్నా 10 మీటర్లు ముందు దొరుకుతుంది. ఇలా ఐదారుసార్లు జరిగితే, ఎవరూ ఏ తప్పూ చెయ్యకపోయినా మనం వాళ్ళ 20 మీటర్లలో ఉంటాం. స్కోరు బోర్డు మీద ఇది కనపడదు. 55వ నిమిషంలో అవతలి ప్రాప్‌ల నడుము మీద చేతులు చూస్తే కనపడుతుంది.

ఐజయా యోని మర్చిపోకూడదు. 13 నంబరు, దాదాపు ఆటంతా మైదానంలోనే ఉంటాడు, పైగా మొదటి పాస్ ఇస్తాడు. దీనివల్ల రెండు లాభాలు. ఒక ఇంటర్‌చేంజ్ మిగులుతుంది (2016 నుంచి మొత్తం 8 మాత్రమే). నేథన్‌కి బంతి ఒక అడుగు ఆలస్యంగా, ఒక మనిషి వెడల్పుగా అందుతుంది, అంటే లైను మీదికి పరుగెత్తే డిఫెండర్లు ముందే యో మీద వాలిపోయి ఉంటారు.

గోల్కొండ_ప్రాప్

ఇది మంచిగ చెప్పినవ్. గని లోపాలు?

పెన్‌రిత్_వాసి

ఉన్నాయి. మొదటిది, అవతలి 20 మీటర్లలోకి వచ్చాక దాడి అంత గొప్పగా ఉండదు. కిక్ మీద, తర్వాత మళ్ళీ సెట్ దొరకడం మీద ఎక్కువ ఆధారపడతారు. అందుకే గెలిచినా తక్కువ స్కోర్లు: 2021 గ్రాండ్ ఫైనల్ 14-12, 2024ది 14-6. రెండోది, ఇది ఆధిక్యం కాపాడుకునే ఆట. రెండు ట్రైలు వెనకబడితే ఫీల్డ్ పొజిషన్ కోసం ఆగే టైము ఉండదు. 2023 గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ బ్రాంకోస్ 24-8 ముందున్నప్పుడు పెన్‌రిత్‌ని గట్టెక్కించింది ప్రణాళిక కాదు. నేథన్ తోటి హాఫ్ లుఆయ్ కూడా గాయంతో బయటే. నేథన్ ఒంటి చేత్తో లాగాడు, 26-24.

లెక్కలరాయుడు

కొన్ని అంకెలు పడేస్తాను, ఎవరి వైపు వాదించుకుంటారో మీ ఇష్టం.

2021 రెగ్యులర్ సీజన్: ఇద్దరివీ 24 మ్యాచ్‌ల్లో 21 గెలుపులు, 3 ఓటములు. స్టార్మ్ కొట్టింది 815, ఇచ్చింది 316. పాంథర్స్ కొట్టింది 676, ఇచ్చింది 286.

ఫైనల్స్‌లో ఇద్దరూ ఎదురుపడినవి 2020 నుంచి 2024 దాకా నాలుగు. 2020 గ్రాండ్ ఫైనల్ స్టార్మ్ 26-20. 2021 ప్రిలిమినరీ (సెమీ ఫైనల్ లాంటిది, గెలిస్తే గ్రాండ్ ఫైనల్) పాంథర్స్ 10-6. 2023 ప్రిలిమినరీ పాంథర్స్ 38-4. 2024 గ్రాండ్ ఫైనల్ పాంథర్స్ 14-6.

ఇప్పుడు గ్రాండ్ ఫైనల్స్‌లో స్టార్మ్ రెండో సగం చూడండి. 2020: విరామానికి 22-0, తర్వాత స్టార్మ్ 4, పెన్‌రిత్ 20. 2024: విరామానికి పెన్‌రిత్ 10-6, తర్వాత స్టార్మ్ 0. 2025: విరామానికి స్టార్మ్ 22-12, తర్వాత స్టార్మ్ 0, బ్రాంకోస్ 14. మూడు గ్రాండ్ ఫైనల్స్, మూడు రెండో సగాలు, మొత్తం 4 పాయింట్లు.

గోల్కొండ_ప్రాప్

ఆ నాలుగు పాయింట్ల ముచ్చట ఫ్రేమ్ కట్టి గోడకు పెట్టాలె 😂

ఊదారంగు_జెర్సీ

నవ్వండి నవ్వండి. రెండు సంగతులు చెప్తాను.

ఒకటి, 2020లో మే నెలలో సిక్స్ అగైన్ వచ్చింది. అంతకుముందు రక్‌లో (ట్యాకిల్ జరిగిన చోట) మనిషిని ఎక్కువసేపు పట్టుకుంటే పెనాల్టీ. పెనాల్టీ అంటే అవతలివాళ్ళు బంతిని టచ్‌కి (పక్క గీత అవతలికి) కొట్టి, నడుచుకుంటూ వచ్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ అర నిమిషం డిఫెన్స్‌కి విశ్రాంతి. అందుకే కొన్ని జట్లు కావాలనే పెనాల్టీ ఇచ్చేవి. సిక్స్ అగైన్‌తో గంట మోగుతుంది, ఆట ఆగదు, ట్యాకిల్ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. తప్పు చేసినవాడే ఇంకో ఐదారు ట్యాకిల్స్ చెయ్యాలి. ఇది వచ్చినప్పుడు "బెల్లమీ పని అయిపోయింది" అన్నారంతా. ఆ ఏడాదే కప్పు కొట్టాడు. మరుసటి ఏడాది 815 పాయింట్లు, వరసగా 19 గెలుపులు, 1975 నాటి ఈస్టర్న్ సబర్బ్స్ రికార్డుతో సమానం. కుస్తీ తప్ప ఏమీ రాని కోచ్ ఈ పని చెయ్యగలడా?

రెండు, 2024 గ్రాండ్ ఫైనల్లో నెల్సన్ అసోఫా-సోలొమోనా లేడు. ప్రిలిమినరీలో మొదటి ట్యాకిల్‌కే తల మీద కొట్టి సస్పెండ్ అయ్యాడు. పెన్‌రిత్ మధ్యలో యో, ఫిషర్-హారిస్, లియోటా ఉన్నప్పుడు మా పెద్ద ప్రాప్ ఒకడు లేకపోవడం చిన్న విషయం కాదు.

పెన్‌రిత్_వాసి

@ఊదారంగు_జెర్సీ మొదటిది ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. మొదటి ట్యాకిల్‌కే సస్పెండ్ అయ్యే పని చేశాడంటే అది కోచ్ ఖాతాలోకి రాదా? 2008లో స్మిత్, 2024లో అసోఫా-సోలొమోనా. ట్యాకిల్‌లో అంచు మీద నడిపించే కోచ్‌కి అంచు దాటినప్పుడు వచ్చే ఖర్చు కూడా ఆయనదే.

ఇంకా, మీ 815 పాయింట్ల దాడి 2021 ప్రిలిమినరీలో 10-6 ఎందుకైంది? స్టార్మ్‌కి ఇష్టమైన బ్లాక్ ప్లే తీసుకోండి. హాఫ్ బంతితో లైను మీదికి పరుగెత్తుతాడు. ముందు ఒక ఫార్వర్డ్ డెకాయ్‌గా (ఎరగా) దూసుకొస్తాడు. వాడి వీపు వెనక నుంచి ఫుల్‌బ్యాక్‌కి బంతి. డిఫెండర్ డెకాయ్‌ని పట్టుకుంటే వెనక ముగ్గురికి ఇద్దరే మిగులుతారు. మామూలు జట్లు పక్కకి జరుగుతూ టైము కొనుక్కుంటాయి. పెన్‌రిత్ సెంటర్ జరగడు, లోపలికి దూకుతాడు, ఫుల్‌బ్యాక్ చేతిలోకి బంతి వచ్చే క్షణానికి వాడి మీద ఉంటాడు. బయట వింగర్ ఒంటరిగా మిగిలిపోతాడు, అది తెలిసే చేస్తారు. ఆ వింగర్‌కి పాస్ ఇవ్వాలంటే తల పైనుంచి విసరాలి, అది గాల్లో ఉన్నప్పుడు ఎవడైనా అందుకోవచ్చు.

వారం తిరగ్గానే గ్రాండ్ ఫైనల్లో సౌత్స్ (సౌత్ సిడ్నీ) ఆటగాడు కోడీ వాకర్ పాస్‌ని పెన్‌రిత్ సెంటర్ స్టీవెన్ క్రైటన్ అందుకుని ట్రై కొట్టింది ఇలాంటి చోటే.

డ్రాగన్_రెడ్‌వి

వాకర్ మాట వచ్చింది కాబట్టి బెన్నెట్‌ని తెస్తాను. ఆ సౌత్స్ కోచ్ ఆయనే. ఎడమ వైపు దాడి అంత అందంగా నడిపిన జట్టు ఈ మధ్య లేదు. లాట్రెల్ మిచెల్ సస్పెన్షన్‌లో ఉన్నా 14-12 దాకా తెచ్చాడు, రేనాల్డ్స్ సైడ్‌లైన్ కన్వర్షన్ పోయింది, అంతే తేడా.

బెన్నెట్ బలం పథకంలో లేదు. ప్రతివాడికీ రెండు మూడు పనులే చెప్తాడు, ఎక్కువ చెప్పడు. అందుకే 2010లో సెయింట్ జార్జ్ ఇల్లవారాకి తీసుకొచ్చిన కప్పు డిఫెన్స్‌తో వచ్చింది. 2023లో కొత్తగా పుట్టిన డాల్ఫిన్స్ మొదటి మ్యాచ్‌లోనే రూస్టర్స్‌ని 28-18తో కొట్టింది.

లెక్కలరాయుడు

@డ్రాగన్_రెడ్‌వి అభిమానం సరే. 2010 తర్వాత కప్పు లేదు. న్యూకాసిల్‌లో 2012 నుంచి 2014 దాకా ఏమీ రాలేదు. 2015లో బ్రాంకోస్ కోచ్‌గా గ్రాండ్ ఫైనల్లో చివరి సైరన్ వేళకి కౌబాయ్స్ ఆటగాడు కైల్ ఫెల్ట్ ట్రై, తర్వాత గోల్డెన్ పాయింట్ (ముందు పాయింటు కొట్టినవాళ్ళే గెలిచే అదనపు సమయం) కిక్-ఆఫ్‌ని ఆయన జట్టు బెన్ హంట్ జారవిడవడం, థర్స్టన్ డ్రాప్ గోల్, 17-16. దురదృష్టమే. కానీ ఆధిక్యంలో ఉన్న ఆఖరి సెట్‌లలో ఏం చెయ్యాలో క్లియరీ జట్టుకి కళ్ళు మూసుకున్నా తెలుసు. "రెండు మూడు పనులే" చెప్పే పద్ధతిలో అది దొరకదు.

డ్రాగన్_రెడ్‌వి

ఒక్క హంట్ చెయ్యి జారితే పద్ధతి తప్పా? ఇది మరీ అన్యాయం.

కొత్త_కూత

ఒక సందేహం. కొడుకు నేథన్ లేకపోతే క్లియరీ ఏం చేస్తాడు అని ఎవరూ అడగట్లేదు?

పెన్‌రిత్_వాసి

అడగాల్సిన ప్రశ్నే. 2024లో నేథన్ గాయాలతో సీజన్‌లో చాలా భాగం ఆడలేదు. అయినా రెండో స్థానం. మూలకి కొట్టే కిక్ దూరం తగ్గింది, కానీ వెంటబడే వింగర్లు, మొదటి రెండు పరుగులు, యో మొదటి పాస్ అలాగే ఉన్నాయి. మనుషులు పోవడం కూడా చూడండి: బర్టన్, కికావు, కొరొయిసావు, క్రైటన్, లెనియు, తర్వాత లుఆయ్, ఫిషర్-హారిస్. సహాయ కోచ్‌లు సిరాల్డో బుల్‌డాగ్స్‌కి, వెబ్‌స్టర్ వారియర్స్‌కి. జీతాల పరిమితి ఉన్న చోట గెలిచే జట్టుకి ఇది తప్పదు. ఇంతమంది పోతూ ఉండగానే వరసగా నాలుగు. సెయింట్ జార్జ్ 1956 నుంచి 66 దాకా గెలిచిన 11 తర్వాత వరసగా నాలుగు ఎవరికీ రాలేదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, పెన్‌రిత్ ఊళ్ళోనే జూనియర్ క్లబ్బుల నుంచి పిల్లలు బోలెడంతమంది వస్తారు. మెల్బోర్న్‌లో అలా కాదు, అది ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఊరు. బెల్లమీ ఎక్కువమంది కుర్రాళ్ళని క్వీన్స్‌లాండ్, న్యూజీలాండ్ లాంటి చోట్ల నుంచి తెచ్చుకోవాలి. వచ్చిన కొత్తవాళ్ళని ప్రీ-సీజన్‌లో కొన్నాళ్ళు కూలి పనికి పంపడం ఆయన అలవాటు. దాని గురించి నవ్వుతారు గానీ, ఎవరు ఫిర్యాదు లేకుండా పొద్దున్నే లేస్తారో ఆయనకి తెలిసేది అక్కడే.

గోల్కొండ_ప్రాప్

మీరిద్దరు కొట్లాడుకోండ్రి. నేను 2025 ముచ్చట చెప్త. ఆధిక్యం కాపాడుకునుడు క్లియరీ జట్టుకు మస్తు తెలుసు అన్నరు కద? ప్రిలిమినరీల విరామానికి బ్రాంకోస్ మీద పెన్‌రిత్ 14-0 ముందట ఉన్నది. ఓడింది 16-14. వారం తర్వాత బెల్లమీ 22-12 ముందట ఉన్నడు. ఓడిండు 26-22. ఇద్దరిని గదే తీరుగ కొట్టిన కోచ్ ఎవలు? మైకేల్ మాగ్వైర్. ఆయన నేర్సుకున్నది ఎవరి కాడ? బెల్లమీ కాడనే, స్టార్మ్‌ల అసిస్టెంట్‌గ చేసిండు.

ఊదారంగు_జెర్సీ

మాగ్వైర్ పద్ధతిలో కొత్తేమీ లేదు, మోతాదు ఎక్కువ. ప్రీ-సీజన్‌లో ఒళ్ళు అలిసిపోయేలా కఠినంగా సాధన చేయిస్తాడు. 60వ నిమిషంలో ట్యాకిల్ చెయ్యడం అప్పుడే వస్తుంది. 2025లో బ్రాంకోస్‌కి రీస్ వాల్ష్ వేగం కూడా ఉంది. అవతలి మధ్య మనుషులు అలిసిపోయాక ఆ వేగం రెండింతలు పనిచేస్తుంది.

లోపం కూడా అందులోనే ఉంది. సౌత్స్‌లో 2014లో కప్పు, 2017 చివరికి పంపేశారు. టైగర్స్‌లో మధ్యలోనే తీసేశారు. ఆ మోతాదుని ఆటగాళ్ళు ఎక్కువ ఏళ్ళు తట్టుకోలేరు. బెల్లమీ అదే కఠినంతో 2003 నుంచి ఒకే చోట ఉన్నాడంటే, ఎక్కడ సడలించాలో తెలిసినందుకే.

లెక్కలరాయుడు

వాదన ఇంకా సాగేలా ఉంది కాబట్టి ఒక పని సూచిస్తాను. 2024, 2025 గ్రాండ్ ఫైనల్స్ పూర్తి రికార్డింగ్ పెట్టుకోండి. కాగితం మీద ప్రతి సెట్‌కి నాలుగు గళ్ళు: సెట్ ఎన్ని మీటర్ల దగ్గర మొదలైంది, కిక్ ఎక్కడి నుంచి కొట్టారు, సెట్‌లో 3 సెకన్ల లోపు ప్లే-ద-బాల్‌లు ఎన్ని, సిక్స్ అగైన్ వచ్చిందా. పక్కన ఇంటర్‌చేంజ్ నిమిషాలు. టీవీలో చూపే మొత్తం మీటర్ల లెక్క వాడొద్దు, ఎక్కువ సెట్‌లు దొరికిన జట్టుకి అది ఎలాగూ పెరుగుతుంది.

ముఖ్యంగా 45 నుంచి 65వ నిమిషం దాకా. మొదటి జత ప్రాప్‌లు 20, 25 నిమిషాలకి బయటికి వెళ్ళి, మళ్ళీ 50, 55 దగ్గర మైదానంలోకి వస్తారు. ఆ మధ్యలో బెంచ్ మీది మనుషులు మైదానంలో ఉంటారు. స్టార్మ్ జారిపోయేది ఆ సమయంలోనే అని నా అనుమానం. అదే నిజమైతే లోపం ఫిట్‌నెస్‌లో లేదు, 14 నుంచి 17 నంబర్ల (బెంచ్) ఎంపికలో ఉంది.

పెన్‌రిత్_వాసి

2024 నేను తీసుకుంటా. కిక్ ఎక్కడ పడిందో కూడా ఐదో గడి పెట్టండి, అది లేకుండా క్లియరీ ఆట సగమే కనపడుతుంది.

ఊదారంగు_జెర్సీ

2025 నాది. బాధగానే ఉంటుంది, అయినా చూస్తా.

గోల్కొండ_ప్రాప్

నేను ప్రిలిమినరీ సూస్త, 16-14ది. అండ్ల పెన్‌రిత్ బెంచ్ ఎప్పుడు దిగిందో రాస్త. రూస్టర్స్ కోచ్ రాబిన్సన్‌ని ఎవ్వలు పట్టించుకోలే, గది యాది పెట్టుకోండ్రి. 2018, 2019 వరసగ రెండు కొట్టిండు, 2018ల మీ కాడికెల్లి వచ్చిన, భుజం ఎముక విరిగిన క్రాంక్‌ని మైదానంల నిలవెట్టి 21-6తోటి మీ స్టార్మ్‌నే కొట్టిండు.

ఊదారంగు_జెర్సీ

దాని తర్వాత 2024 ప్రిలిమినరీలో అదే రాబిన్సన్ మీద 48-18. దానికి కూడా గళ్ళు గీయమంటావా?